పెటారి లేచేవరకు ఆగండి

కుంకుమగుంట, పత్రాల గది.
పని చిట్టా. రాస్తున్నది: బోర అసిరితల్లి, తాత్కాలిక సవరణకర్త.

రోజు 1. మిగిలిన చోట్లు: 1,316

ఈ చిట్టాలో రోజూ మూడు సంగతులు రాయాలట. ఎన్ని చోట్లు మిగిలాయి, ఏం అడ్డం వచ్చింది, ఇంకేమైనా చెప్పాలా. మూడోదానికి ఎక్కువ జాగా వదిలారు కాబట్టి నేను అందులోనే రాస్తాను.

నా పని పెటారిని తీసెయ్యడం. పెటారి అంటే యంత్రాల లోపల ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో ఉంచి నడిపే ఇంజన్. నీళ్ల ప్రోగ్రాం ఒక పెట్టెలో, గాలి ప్రోగ్రాం ఇంకో పెట్టెలో. ఒకదానికి తెగులు పడితే పక్కదానికి అంటదు. దాన్ని తయారుచేసినవాళ్లు మన పెద్దలు వదిలివచ్చిన భూమ్మీద పదకొండేళ్ల కిందటే చేతులు దులుపుకున్నారు. మన యంత్రాలన్నీ ఆరేళ్ల కిందట గూడు అనే కొత్త ఇంజన్‌కి మారాయి. ఇప్పుడు కుంకుమగుంటలో ఒక్క యంత్రంలోనూ పెటారి లేదు. మన పని పుస్తకాల్లో మాత్రం 1,316 చోట్ల ఉంది.

"నలభై రోజులు" అన్నారు పత్రాల గదికి పెద్ద అయిన భానోజీ గారు. "నలభయ్యో రోజున నేను వెతికితే ఆ మాట ఒక్కచోట కూడా కనపడకూడదు. కనపడకపోతే నీ ఉద్యోగం ఖాయం. కనపడితే నీ పేరు చేసేవాళ్ల జాబితాలోకి వెనక్కి పోతుంది."

ఇక్కడ ఏ పనికైనా ఇద్దరుండాలి. చదివేవారు పుస్తకంలోంచి ఒక వాక్యం పైకి చదువుతారు. చేసేవారు ఆ పని చేసి "అయింది" అంటారు. అప్పుడు తరువాతి వాక్యం. ప్రతి గదిలో గోడమీద ఒకటే రాత ఉంటుంది: చదవనిది చేయకు, చదివింది మానకు.

మా ఇంట్లో అందరూ చేసేవాళ్లే. మా అమ్మ తవిటమ్మ ఇరవై రెండేళ్లుగా మూడో నీళ్ల గదిలో వాల్వులు తిప్పుతోంది. అక్షరం రాదు. గోడమీద రాసింది ఏమిటో తెలుసు గాని అందులో ఏ ముక్క ఎక్కడుందో తెలియదు. మా ఇంట్లో బడికి వెళ్లింది నేనొక్కదాన్నే. నిన్న సందంతా తిరిగి, నా గురించి "మా గుంట పుస్తకాలు రాస్తాది" అని చెప్పి వచ్చింది.

"రాయట్లేదమ్మా, చెరుపుతున్నాను" అన్నాను.

"రెండూ కలంతోనే గదే" అంది.

రోజు 3. మిగిలినవి: 1,187

తేలికవి ముందు తీసేస్తున్నాను. కొన్ని ఎందుకున్నాయో కూడా అర్థం కాదు. మంటపం పుస్తకంలో పెళ్లి పేజీలో ఇలా ఉంది: "వధూవరులు కూర్చున్న పిమ్మట పెటారిని మేల్కొలపండి." మంటపం దీపాల ప్రోగ్రాం కోసం ఎవరో రాసి ఉంటారు. దీపాలు మారి ఆరేళ్లయింది. అయినా చదివేవారు ఆ వాక్యం చదవడం, పెళ్లికొడుకూ పెళ్లికూతురూ తలలు వంచి "అయింది" అనడం నేను నా కళ్లతో చూశాను. మా పిన్నికూతురి పెళ్లిలో ఆ మాటకే అక్షింతలు వేశారు.

మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చింది. వచ్చేవారం మనవరాలి పెళ్లట.

"అంతవరకూ ఉంచమ్మా. పెటారి లేపకుండా పెళ్లంటే నలుగురూ ఏమనుకుంటారు?"

"పెటారి లేదమ్మమ్మా. చచ్చిపోయింది."

"పెళ్లి పూట ఏం మాటలమ్మా అవి!" అని ఆమె రెండు చెవులూ మూసుకుంది.

తీసేశాను. భానోజీ గారు నా చిట్టా చూసి అంచున రాశారు: "చిట్టాలో పెళ్లిళ్లు అక్కర్లేదు." రాయొద్దని మాత్రం రాయలేదు కాబట్టి రాస్తూనే ఉన్నాను.

రోజు 9. మిగిలినవి: 702

ఈరోజు నీళ్ల గదుల పుస్తకం చేశాను. తొమ్మిదో పేజీ చివర, పదో పేజీ మొదట్లో ఇలా ఉంది:

5. చిన్న వాల్వు పావు వంతు తిప్పండి.
6. పెటారిని మేల్కొలపండి. పెటారి లేచేవరకు (సుమారు నాలుగు నిమిషాలు) ఆగండి.
7. పెద్ద వాల్వు పూర్తిగా తిప్పండి.

గూడు ఇంజన్ ఎప్పుడూ మెలకువగానే ఉంటుంది. దాన్ని లేపనక్కర్లేదు. అంటే ఐదు నీళ్ల గదుల్లో, రోజుకు రెండు పూటలా, పూటకు నాలుగేసి నిమిషాలు, చచ్చిపోయిన ఇంజన్ నిద్ర లేస్తుందని మనుషులు కూర్చుని ఎదురుచూస్తున్నారు. రోజుకు నలభై నిమిషాలు. ఆరేళ్లకు అరవై రోజుల పైమాటే. ఈ లెక్క భానోజీ గారికి చూపిస్తే ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"ఇది పైవాళ్లకు పంపుతాను. నీ పేరుతోనే" అన్నారు.

ఆరో వాక్యం తీసేశాను. ఏడోది ఆరయింది. పుస్తకంలో ఒక వాక్యం తగ్గితే ఐదు గదుల్లో మనుషుల చేతులు వేరేలా కదులుతాయన్న సంగతి తలచుకుంటే ఇంటికి వెళ్లేదాకా నా కాళ్లు నేలమీద ఆనలేదు.

ఇంట్లో అమ్మ పళ్లెం నా ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"పెటారి తీసీసేవేటే?"

"నీకప్పుడే ఎవరు చెప్పారు?"

"గవరయ్య మావ సదువుతుంటే ఇన్నాను. అయిదు సదివేడు, ఆరంటే పెద్ద వాల్వన్నాడు. మధ్యలో మా పెటారేదీ?"

వాళ్లు ఆ నాలుగు నిమిషాలకే పెటారి అని పేరు పెట్టుకున్నారట. పెటారికి వేయించిన శనగలు తింటారు. పెటారిలో మోకాళ్లు రుద్దుకుంటారు. మా వీధిలో రెండు సంబంధాలు పెటారిలోనే కుదిరాయి.

"అమ్మా, ఆ ఇంజన్ లేనే లేదు. మీరు ఎవరు లేస్తారని కూర్చుంటున్నారు?"

"అది లేస్తే మాకేటి, లేకపోతే మాకేటి? మావు కూకుంటన్నాం గదా" అంది.

రోజు 11. మిగిలినవి: 610

నీళ్ల గదుల ఆడవాళ్లు పదకొండుమంది మా గదికి వచ్చారు. అమ్మ రాలేదు. కూతురి ఆఫీసుకు గొడవకు వెళ్లడం బాగుండదని ఆగిందట.

భానోజీ గారు లేచి నిలబడి శాంతంగా చెప్పారు. "చూడండమ్మా, పెటారి చచ్చిపోయింది."

"పోతే పోనీ బాబూ" అంది ఒకావిడ. "బతికున్నోళ్లం మావున్నాం. దాని పేరు సెప్పుకుని ఇంత కాలు సాపుకుంటన్నాం."

"కాలు చాపుకోవడానికి పుస్తకంలో వాక్యం ఉండదమ్మా."

"మరి రాయండి!"

ఆయన రాయలేదు. వాళ్లు వెళ్లిపోయాక నాతో, "చూస్తూ ఉండు, అలుగుతారు" అన్నారు.

రోజు 14. మిగిలినవి: 455

ఒకటో నీళ్ల గదిలో జల్లెడ చినిగింది. మంచు కరిగించే కాగులోంచి వేడినీళ్లు గొట్టం గుండా వచ్చి ఈ జల్లెడలో వడకడతాయి. అది చినిగితే ఆ గది రెండు రోజులు మూత. ఆ వార్డుకు స్నానాల వంతు రద్దు.

రోజు 17. మిగిలినవి: 371

నిన్న నాలుగో గది. ఈరోజు మళ్లీ ఒకటో గది, బాగుచేసిన మర్నాడే. రెండు వార్డులకు స్నానాల్లేవు. క్యాంటీన్‌లో జనం కిటికీ పక్క బల్లల కోసం పోటీపడుతున్నారు. బయట పీల్చే గాలి లేదు, మన కిటికీలు తెరుచుకోవు. అయినా ఆశ.

"చెప్పానా?" అన్నారు భానోజీ గారు. "ముప్పై ఒక్కేళ్లలో ఇన్ని జల్లెడలు చినగలేదు. నాలుగు నిమిషాలు తీసేశామని కోపంతో వాల్వు విసురుగా తిప్పుతున్నారు. మూడో గది చూడు, ఏమీ కాలేదు. మీ అమ్మ బుద్ధిమంతురాలు."

నాకూ అలాగే అనిపించింది. గర్వంగా కూడా అనిపించింది. ఇంటికి వెళ్లి అమ్మతో ఆ మాటే అన్నాను: మిగతావాళ్లు అలిగి పాడుచేస్తున్నారట, నువ్వు మాత్రం బాగా చేస్తున్నావట.

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఎవులన్నారు?"

"అందరూ అనుకుంటున్నారు."

"నువ్వనుకుంటన్నావా?"

నేను మంచినీళ్లు ముంచుకోవడానికి లేచాను. అప్పటినుంచి అమ్మ నాతో మాట్లాడటం మానేసి గోడతో మాట్లాడుతోంది. "రొట్టె మూత కింద ఉన్నాదని సెప్పు" అంది గోడతో. గోడ చెప్పలేదు. నేనే చూసుకున్నాను.

రోజు 22. మిగిలినవి: 190

మూడో గదిలో చదివే గవరయ్య తాతకు రేపు కంటి ఆపరేషన్. నాలుగు రోజులు ఆయన బదులు ఎవరో చదవాలి. నేను వెళతానన్నాను. బడి చదువు చదివిన గొంతు ఎలా ఉంటుందో ఆ గదిలో ఒకసారి వినిపించాలని ఉంది. అమ్మ నా మాట వినక తప్పని చోటు కూడా అదొక్కటే.

ఈరోజు పొద్దుట చూడ్డానికి వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన చదవడం చూస్తే నవ్వొచ్చింది. ఐదో వాక్యం పేజీ చివర ఉంది. "చిన్న వాల్వు పావు వంతు తిప్పండి" అన్నారు. అమ్మ తిప్పి "అయింది" అంది. తాత వేలు తడి చేసుకుని పేజీ తిప్పారు. అద్దాలు తీసి తుడుచుకున్నారు. తరువాత పేజీ పైనున్నదంతా మొదలుపెట్టారు: పుస్తకం పేరు, పేజీ అంకె, ఆమోదించిన తేదీ, కింద సంతకాలు చేసిన ఏడుగురి పేర్లూ, హోదాలతో సహా. చనిపోయినవాళ్ల పేర్ల దగ్గర ఒక క్షణం ఆగి నమస్కారం. అప్పుడు, "ఆరు. పెద్ద వాల్వు…"

"తాతా, సంతకాలు చదవక్కర్లేదు" అన్నాను.

"సదవనిది సెయ్యకన్నారు గాని, ఏది సదవొద్దో ఎక్కడా రాయలేదు అమ్మీ" అన్నారాయన. "మెల్లిగా సదువు. పుస్తకం పారిపోదు."

రోజు 23. మిగిలినవి: 190

ఇది అడ్డం వచ్చిన సంగతుల కింద రాయాలో, ఇంకేమైనా చెప్పాలా కింద రాయాలో తెలియడం లేదు.

మూడో గదిలో నేను చదివాను. స్పష్టంగా, తడబడకుండా. అమ్మ వాల్వు దగ్గర నిలబడి నన్ను కాకుండా పుస్తకాన్ని చూసింది.

"ఐదు. చిన్న వాల్వు పావు వంతు తిప్పండి."

"అయింది."

పేజీ తిప్పాను. "ఆరు. పెద్ద వాల్వు పూర్తిగా తిప్పండి."

అమ్మ వెంటనే తిప్పలేదు. తల కొంచెం వంచింది. నా వైపు ఒకసారి చూసింది. తరువాత తిప్పింది.

గొట్టంలో ఎవరో సుత్తితో కొట్టినట్టు ఒక చప్పుడు, దాని వెనక బట్ట చినిగినట్టు ఇంకొకటి. జల్లెడ మూత ఊడి గోరువెచ్చని ఎర్రనీళ్లు మా ఇద్దరి మీదా పడ్డాయి. వార్డులో స్నానం చేసినవాళ్లం ఆరోజు మేమిద్దరమే.

అమ్మ ముఖం తుడుచుకుని "అయింది" అంది.

నాకు నవ్వూ ఏడుపూ రాలేదు. "నీకు ముందే తెలుసా?" అన్నాను.

"గొట్టం మూలుగుతుంటే తెలవదేటే? ఇరవై రెండేళ్లు ఇన్నాను దాన్ని. చిన్న వాల్వు తిప్పగానే మూలుగుతాది. నీళ్లు మెల్లగా పాకి, ఇనుము ఏడెక్కినాక నోరు మూస్తాది. అప్పుడు పెద్దది తిప్పాలి. పెటారి అయ్యేసరికి నోరు మూసీది. గవరయ్య మావ పెద్దల పేర్లు సదివేసరికీ మూసీది."

"తెలిసి ఎందుకు తిప్పావమ్మా?"

"నువ్వు సదివేవు. నాను తిప్పేను."

"చెప్పొచ్చు కదా!"

"ఏటని సెప్పేది? గదిలో మాకున్నది ఒక్క మాట. 'అయింది' అంటాం. 'ఆగు' అనడానికి నీ పుస్తకంలో మాటేదీ?"

ఒకటో గదిలో, నాలుగో గదిలో కూడా ఆ మాట ఎవరికీ లేదు. వాళ్లు అలగలేదు. నేను రాసినట్టు చేశారు. సరిగ్గా నేను రాసినట్టే చేశారు.

రోజు 25. మిగిలినవి: 188

రెండు చోట్లే తీశాను. మిగతా సమయమంతా నిన్నా ఈరోజూ ఐదో నీళ్ల గదిలో గడియారం పట్టుకుని నిలబడ్డాను. ఐదో వాక్యానికీ ఆరో వాక్యానికీ మధ్య చదివేవారు ఊపిరి ఎంతసేపు తీసుకోవచ్చో ఏ నియమంలోనూ లేదు. అందుకని అక్కడి చదివేవారిని బతిమాలి, గొట్టం మూలుగు ఆగేదాకా ఊపిరి తీసుకోమన్నాను. పాపం ఆవిడ నిజంగానే ఊపిరి బిగబట్టబోయింది. మిగతా గదులకూ అదే కబురు పంపాను.

నిన్న సాయంత్రం మూడు నిమిషాల యాభై సెకన్లు. ఈరోజు పొద్దుట ఐదు నిమిషాల పది. మంచు మరీ చల్లగా ఉన్న పూట గొట్టం వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతోంది. రెండుసార్లూ జల్లెడ చినగలేదు.

పెటారి లేవడానికి నాలుగు నిమిషాలు పట్టేది. గొట్టం వేడెక్కడానికీ ఇంచుమించు అంతే పట్టేది. మొదట రాసినవాళ్లకు పెటారి ఒక్కటే తెలుసు. అది పోయాక కూడా దాని పేరుమీద గొట్టం వేడెక్కుతూనే ఉంది. ఆ పేరు నేను తీసేశాను.

రోజు 26. మిగిలినవి: 188

భానోజీ గారికి అంతా చెప్పాను. ఆయన అంతా విని లేచారు. తరువాత బీరువాలోంచి తప్పుల పుస్తకం తీశారు. అందులో రెండు గడులుంటాయి. ఎడమవైపు "చేసేవారి తప్పు". కుడివైపు "కాగితం తప్పు". ఎడమ గడిలో పేరు మూడుసార్లు పడితే వాళ్లను కుంకుమగుంట బయటికి, మంచు తవ్వడానికి పంపుతారు. కుడి గడిలో ముప్పై ఒక్కేళ్లుగా ఒక్క అక్షరం లేదు. ఆ వైపు కాగితం ఇంకా తెల్లగా ఉంది.

ఎడమ గడిలో ఒకటో గది చేసేవారి పేరు రెండుసార్లు ఉంది. నాలుగో గది ఆవిడ పేరు ఒకసారి. కింద ఖాళీ గీత.

"మూడో గదిది రాయాలి" అన్నారాయన నా ముఖం చూడకుండా. "మీ అమ్మకు ఇది మొదటిసారే. మొదటిసారికి ఏమీ కాదు."

"అమ్మ నేను చదివింది చేసింది కదండీ."

"తెలుసు."

"పోనీ పాత ఆరో వాక్యం తిరిగి పెడితే?"

"పెడితే పెటారి తిరిగి వస్తుంది. లెక్క సున్నా కాదు. సున్నా చేస్తానని నేను పైవాళ్లకు మాట ఇచ్చాను. నీ ఉద్యోగం కూడా ఆ సున్నా మీదే ఉంది. ఇక కుడి గడి అంటావా…" ఆయన గొంతు తగ్గించారు. "అమ్మాయ్, అందులో పేరు పడిన సవరణకర్తను ఖాయం చేసిన పెద్ద ఇంతవరకు ఎవరూ లేరు."

"పేరు పడినవాళ్లే ఎవరూ లేరు కదండీ."

"అదే నేననేది."

అమ్మకు ఎడమ గడిలో పేరు పడితే నాకు ఏమీ కాదు. అమ్మకూ ఏమీ కాదు, మొదటిసారి కాబట్టి. ఒకటో గది ఆవిడకు మాత్రం ఇంకొక్కసారి మిగిలింది. ఆవిడకు మోకాళ్లు నొప్పులు. మొన్న మా గదికి వచ్చినప్పుడు కుర్చీ వెయ్యమని నాకు తోచలేదు.

కలం తీసుకుని కుడి గడిలో రాశాను: "గదులు 1, 4, 1, 3. కాగితం తప్పు. సవరించినది బోర అసిరితల్లి." ఎడమ గడిలోని మూడు పేర్లూ కొట్టేశాను.

"ఆలోచించే రాశావా?" అన్నారాయన.

"రాసి ఆలోచిస్తున్నానండి."

ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాను. అమ్మ గోడవైపు తిరిగి, "దీనికి పుస్తకంలో పేరెక్కింది, ఇన్నావా?" అంది. తరువాత నావైపు తిరిగి, "అన్నం తిన్నావా?" అంది.

రోజు 33. మిగిలినవి: 41

ఆరో వాక్యం కొత్తగా రాయాలి. పెటారి మాట రాకూడదు. ఆగాలన్న సంగతి రావాలి. నేను ఇలా రాశాను: "గొట్టం మూలుగు ఆగేవరకు ఆగండి."

భానోజీ గారు ఒప్పుకోలేదు. "మూలుగు అంటే ఏం మూలుగు? ఎంత మూలుగు? రేపు ఎవరో కొత్తవాళ్లు వస్తారు. గాలి శబ్దాన్ని మూలుగనుకుంటే? నాలుగు నిమిషాలు అని అంకె వెయ్యి."

"పొద్దుట ఐదు నిమిషాలు దాటుతోందండి."

"అయితే ఆరు వెయ్యి."

"మంచు ఇంకా చల్లగా ఉన్న రోజు ఆరూ చాలకపోతే?"

ఆయన తల పట్టుకున్నారు. నేను అమ్మను తీసుకొచ్చాను. పత్రాల గదిలో అమ్మ అడుగుపెట్టడం అదే మొదలు. అరల్లోని పుస్తకాలన్నీ ఒకసారి చూసి, "ఇయన్నీ నువ్వు సెరిపీసినవేనా?" అని అడిగింది.

"తవిటమ్మా, ఆ మూలుగు ఎలా ఉంటుందో చెప్పు" అన్నారు భానోజీ గారు.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుపడింది. తరువాత కొంగు తీసి మూలిగింది. పక్క గదుల్లోంచి నలుగురు పరుగెత్తుకొచ్చారు. ఒకాయన మందుల పెట్టె కూడా తెచ్చాడు.

"ఇది మొదటిది బాబూ. చివర్లో ఇలగుంటాది" అని అమ్మ గొంతులో చిన్నగా, పాలు తాగి నిద్రపోయే పిల్లలా ఒక చప్పుడు చేసింది. "ఇది కూడా ఆగాల. ఇక్కడే అందరూ మోసపోతారు."

నేను ఇలా మార్చాను: "గొట్టం మూలుగు, దాని తరువాత వచ్చే సన్నని గురక, రెండూ ఆగేవరకు ఆగండి. ఆగాయని చేసేవారు చెప్పాలి."

చివరి ముక్క దగ్గర భానోజీ గారి వేలు ఆగింది. ఇప్పటిదాకా ఏ పుస్తకంలోనూ ఎంతసేపు ఆగాలో చేసేవారు చెప్పడం లేదు. "పరీక్ష చేద్దాం. నలభయ్యో రోజున. కొత్త వాక్యం మొదటిసారి గదిపెద్ద చదవాలి. నేనే చదువుతాను" అన్నారు.

రోజు 40. మిగిలినవి: 0

పొద్దుట భానోజీ గారు తన యంత్రంలో వెతికారు. ఏమీ దొరకలేదు. ఇంకోసారి వెతికారు. సున్నా. ఆయన పుస్తకం చంకన పెట్టుకుని మూడో గదికి నడిచారు. వెనక నేను.

గదిలో అప్పటికే జనం. ఒకటో గది ఆవిడ, నాలుగో గది ఆవిడ, కంటికి పచ్చ గుడ్డతో గవరయ్య తాత. అమ్మ ఉతికిన చీర కట్టుకొచ్చింది.

"జల్లెడ చినిగితే ఈ వాక్యం పోతుంది. వాక్యంతో పాటు…" భానోజీ గారు నన్ను చూసి మిగతాది మింగేశారు. మింగింది నాకు వినపడింది.

"ఐదు. చిన్న వాల్వు పావు వంతు తిప్పండి."

"అయింది."

గొట్టం మూలగడం మొదలుపెట్టింది.

"ఆరు. గొట్టం మూలుగు, దాని తరువాత వచ్చే సన్నని గురక, రెండూ ఆగేవరకు ఆగండి. ఆగాయని చేసేవారు చెప్పాలి."

అందరం ఆగాం. ఒక నిమిషం. రెండు. ఒకటో గది ఆవిడ నేలమీద కూర్చుని కాళ్లు చాపుకుంది. ఎవరో శనగలు తీశారు. మూడు. నాలుగు. మూలుగు ఆగింది. భానోజీ గారు అమ్మను చూశారు.

"అయిందా?"

"నేదు బాబూ."

ఐదు నిమిషాలు. ఆయన గడియారం చూసుకున్నారు. ఐదున్నర. ఆయన వేలు ఏడో వాక్యం మీదికి వెళ్లడం చూశాను. ఆయన చదివితే అమ్మ తిప్పుతుంది. తిప్పక తప్పదు.

"ఏడు…" అని ఆయన నోరు తెరిచారు.

"ష్" అంది అమ్మ.

పత్రాల గది పెద్దను కుంకుమగుంటలో ఒక చేసే మనిషి ష్ అనడం అదే మొదటిసారి. గవరయ్య తాత పచ్చగుడ్డ పైకెత్తి మరీ చూశారు. భానోజీ గారికి కోపం వచ్చింది. కోపంగానే ముందుకు వచ్చి, వంగి, చెవి గొట్టానికి ఆనించారు.

ఆయన ముఖం మారింది. కనుబొమ్మలు పైకి లేచాయి. కళ్లు మూసుకున్నారు. పుస్తకం చేతిలోంచి జారుతుంటే నేను పట్టుకున్నాను.

చాలాసేపటికి, కళ్లు తెరవకుండానే, "అయింది" అన్నారు మెల్లగా.

"అది నాను సెప్పాల బాబూ" అంది అమ్మ. ఇంకో మూడు ఊపిరులు ఆగింది. "ఇప్పుడు అయింది."

"ఏడు" అన్నారాయన, పుస్తకం నా చేతిలో ఉండగానే, కంఠతా. "పెద్ద వాల్వు పూర్తిగా తిప్పండి."

నీళ్లు వచ్చాయి. జల్లెడ అవతలి గాజు గొట్టంలో తెల్లగా, ఒక్క ఎర్ర నలుసు లేకుండా వచ్చాయి. గది అంతా ఒకేసారి "అయింది" అంది. అందులో నేనూ ఉన్నాను.

పత్రాల గదికి తిరిగి వచ్చాక భానోజీ గారు నియమాల పుస్తకం తీసి ముందునుంచి చివరిదాకా తిరగేశారు. అమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. నేను బల్ల ముందు.

"సున్నా అయింది. కాబట్టి ఖాయం చెయ్యాలి" అన్నారాయన. "కాగితం తప్పు కింద పేరు పడింది. అలాంటివాళ్లను ఏం చెయ్యాలో చూశాను. తీసెయ్యాలా, దింపాలా, తిట్టి ఊరుకోవాలా. ఎక్కడా లేదు. ముప్పై ఒక్కేళ్లలో ఎవరూ రాయలేదు. అవసరం పడలేదు." ఆయన పుస్తకం మూశారు. "చదవనిది నేను చెయ్యలేను కదమ్మా."

"అంటే ఉండొచ్చాండీ?"

"ఆ నియమం రాసేవరకు ఉండాలి. రాయాల్సింది పత్రాల గది. గదిలో ఖాళీగా ఉన్నది నువ్వొక్కదానివే. రేపటినుంచి నీ పని అదే."

కలం నా ముందుకు జరిపారు. నేను తీసుకుని వెంటనే కాగితం వెతుక్కోబోయాను. గుమ్మంలోంచి అమ్మ గొంతు వినిపించింది.

"తొందరేటే? మెల్లిగా రాయి."